పుస్తకమంత బ్యాలెట్

ఆగస్టు 15కి బడిలో మా పాప మాట్లాడాలట, మూడు నిమిషాలు. "డాడీ, స్వాతంత్ర్యం వచ్చినంక మన దేశం ఏం సాధించిందో రాసివ్వు" అని నోట్‌బుక్ తెచ్చి ముందు పెట్టింది. ఏముంది, చంద్రయాన్, యూపీఐ, హరిత విప్లవం అని పది లైన్లు గీకిద్దామనుకున్నా గానీ మొదటి లైను దగ్గరే పెన్ను ఆగింది. 1947 ఆగస్టు 15న మా నల్లగొండ నిజాం రాజ్యంలోనే ఉంది, భారత జెండా ఎగరేస్తే అరెస్టు చేసే రోజులు. మనకి ఆ ముచ్చట తీరింది పదమూడు నెలల తర్వాత, 1948 సెప్టెంబరు 17న.

1952 ఎన్నికల గురించి మా నాయనమ్మ చెప్పేది. అప్పుడు గుర్తు మీద ముద్ర కొట్టేది లేదు, ఒక్కో అభ్యర్థికి ఒక్కో డబ్బా, దాని మీద గుర్తు, చీటీ తీసుకెళ్లి నచ్చిన డబ్బాలో వేసి రావడమే. "దొర చీటీ, నా చీటీ ఒక్కతీరే ఉన్నయ్ బిడ్డా" అనేది, ఎన్నిసార్లు చెప్పినా అదే ఆశ్చర్యంతో. ఆ ఎన్నికలోనే నల్లగొండ నుంచి నిలబడ్డ కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లొచ్చాయి. వాళ్లు నిలబడ్డ రెండూ ఇద్దరేసి సభ్యుల్ని ఎన్నుకునే స్థానాలే, కాబట్టి పోలికలో మోసమేం లేదు. నిన్నమొన్నటిదాకా తుపాకులు పట్టి పోరాడిన జిల్లా అంత తొందరగా ఓటు చీటీని నమ్మడం నాకు ఇప్పటికీ వింతే.

1955 డిసెంబరు 10న నెహ్రూ నందికొండ దగ్గర నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేశారు, 1967లో కాలువలకి నీళ్లొచ్చాయి. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ వైపు రైస్ మిల్లులు లేచాయి. మునుగోడు వైపు మా ఊరు ఎత్తు మీద ఉంది, ఆ నీళ్లు ఎక్కవు. మాకు దక్కింది బోరు నీళ్లు, వాటిలో ఫ్లోరైడ్. అమ్మ పొద్దున పొయ్యి మీద పెట్టిన కందిపప్పు మధ్యాహ్నానికీ మెత్తబడేది కాదు. నాయిన పళ్లు పసుపుగా మచ్చలు పడిపోయాయి, పక్కింటి పెద్దమ్మ నడుం వంగిపోయి నేల చూస్తూనే నడిచేది.

1996 సంగతి రాయకుండా ఈ ప్రసంగం నాకు పూర్తి కాదు. నీళ్ల గోడు ఎవరూ వినడం లేదని జలసాధన సమితి వాళ్లు నల్లగొండ లోక్‌సభకి రైతుల చేత వందల కొద్దీ నామినేషన్లు వేయించారు. మొత్తం 480 మంది! అన్ని పేర్లు ఒక కాగితంలో పట్టక బ్యాలెట్‌ని పుస్తకంలా కుట్టాల్సి వచ్చింది, పోలింగే వాయిదా పడింది. నాయిన ఓటేసొచ్చి "పేజీలు తిప్పేసరికే చేతులు నొచ్చినయ్‌రా" అన్నాడు. ఎవరినీ కొట్టకుండా, ఒక్క బస్సు తగలబెట్టకుండా దేశమంతా మా నీళ్ల గురించి మాట్లాడుకునేలా చేసిన పని అది. దాని ఫలితం? ఆ ఏడాదే లోక్‌సభకి నిలబడేవాళ్లు కట్టే డిపాజిట్ 500 రూపాయల నుంచి 10,000కి పెంచారు, ఇప్పుడైతే 25,000. నీళ్ల కంటే ముందు జవాబు అది వచ్చింది.

నల్లాలో కృష్ణ నీళ్లు రావడానికి ఇంకో ఇరవై ఏళ్లు పైనే పట్టింది. వచ్చాయి, కాదనను, ఇప్పుడు పప్పు అరగంటలో ఉడుకుతుంది. అలవాటు పోక సగం ఊరు ఇంకా ఇరవై లీటర్ల క్యాన్లే కొంటోంది, అది వేరే కథ. పొలాలకి మాత్రం శ్రీశైలం నుంచి నీళ్లు తేవడానికి తవ్వుతున్న సొరంగం మీదే ఆశ. 2025 ఫిబ్రవరి 22న ఆ సొరంగం కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారు, ఝార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూకాశ్మీర్‌ల నుంచి వచ్చినవాళ్లు. ఒకప్పుడు దేశంలో ఎక్కడ డ్యామ్ కట్టినా పాలమూరు (మహబూబ్‌నగర్) లేబరే మట్టి మోసేది. ఇప్పుడు ఆ పాలమూరు గడ్డ మీదే, మన నీళ్ల కోసం, ఎక్కడెక్కడి పిల్లలో పోయారు. టీవీ ముందు కూర్చుని ఆ పేర్లు వింటుంటే అన్నం దిగలేదు.

ఇదంతా పాపకి చదివి వినిపించా. "480 మందిలో నీళ్లోళ్లు గెలిచిండ్రా?" అంది. లేదమ్మా, సీపీఐ నుంచి ధర్మభిక్షం గెలిచారు అన్నా. కాసేపు ఆలోచించి పుస్తకం బ్యాలెట్ ఉంచుకుంటానంది, సొరంగం వద్దంది, మూడు నిమిషాలు దాటుతుందట. తాత పళ్ల సంగతి కూడా కొట్టేసింది, క్లాసులో నవ్వుతారట.