మా నాన్నకి ఫోన్ చేయించిన ఇంటర్వ్యూ

నిన్న ఆఫర్ లెటర్ వచ్చింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నా. చల్లారాక ఎవరన్నా అడిగితే నేను కూడా "అంతా బాగానే జరిగింది" అని చెప్పే రకాన్నే.

మాది కొండపి దగ్గర పల్లె. బీటెక్ మెకానికల్. చెన్నై పక్కన ఫ్యాక్టరీ ఉన్న ఒక పెద్ద కంపెనీ గ్రాడ్యుయేట్ ఇంజినీర్ ట్రైనీలని తీసుకుంటోందని సీనియర్ అక్క చెప్పింది. కాలేజీలో ప్లేస్‌మెంట్ సార్‌ని అడిగితే "ఆడపిల్లకి కోర్ ఉద్యోగం, ఫ్యాక్టరీలో పని ఎందుకమ్మా, అమీర్‌పేట పోయి జావా నేర్చుకో" అన్నాడు. ఇప్పుడు అదే సారు వాట్సాప్ గ్రూపులో నా ఫోటో పెట్టి, కింద కాలేజీ పేరు పెద్దక్షరాల్లో వేశాడు. వేసుకోనీ.

పదో తరగతి నుంచి 60 శాతం తగ్గకూడదు, బ్యాక్‌లాగ్‌లు, అంటే తప్పి మిగిలిన సబ్జెక్టులు, ఉండకూడదు. అంతవరకు నాకు ఇబ్బంది లేదు. ఆన్‌లైన్ పరీక్ష ఇంట్లోనే రాశా. తల పక్కకి తిప్పితే కెమెరా హెచ్చరిక ఇస్తుంది, కాబట్టి ఆ గంటసేపు అమ్మని వంటింట్లోంచి రావద్దని చెప్పా. గ్రూప్ డిస్కషన్ ఎలక్ట్రిక్ వాహనాల మీద. గట్టిగా అరిచినవాళ్లు సగం మంది పోయారు, అంతే.

ఇంటర్వ్యూలు చెన్నైలో. ముందు రోజే ఒంగోల్లో పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్లా.

టెక్నికల్ రౌండ్ గురించి కొంచెం గొప్పలు చెప్పుకుంటా. తమిళాయన, పెద్ద వయసు. నాన్న ఏం చేస్తారంటే పొగాకు రైతు అన్నా. "అయితే బ్యారన్ బొమ్మ వెయ్యి" అని కాగితం నా ముందుకి తోశాడు. బ్యారన్ అంటే పచ్చి పొగాకుని వేడితో ఎండబెట్టే గది. మాకు అది పుట్టినప్పటి నుంచీ పెరట్లో ఉన్న పని. పొయ్యి బయట, లోపల నేల మీదుగా ఇనప గొట్టాలు, పొగ ఆకుకి తగలకుండా వేడి మాత్రమే తగలాలి. కింద కిటికీల్లోంచి గాలి వచ్చి పైనున్న వాటిలోంచి తేమ పట్టుకుపోతుంది. ఆకు పండేటప్పుడు వేడి 35 డిగ్రీల దగ్గర, కిటికీలు మూసి ఉంచాలి. చివర్లో ఈనె ఎండాలంటే 70 దాకా పోవాలి. ముందే వేడి పెంచితే ఆకు పచ్చగానే ఎండిపోతుంది, ఎందుకని అడిగాడు, చెప్పా. ఉష్ణప్రసరణ మీద ఇంకో ప్రశ్న అడగలేదు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

తర్వాత హెచ్ఆర్. ఒకాయన, పక్కన ఒకావిడ. ఆవిడ చివరిదాకా ఫోన్లోంచి తలెత్తలేదు. ఆయన మీద కంటే నాకు ఆవిడ మీదే ఎక్కువ కోపం.

మొదటి ప్రశ్నే "ఇంట్లో సంబంధాలు చూస్తున్నారా?" అని. లేదు సార్ అన్నా. "ట్రైనింగ్‌కి మేం చాలా ఖర్చు పెడతాం, మీరు మధ్యలో పెళ్లి చేసుకుని వెళ్లిపోతే?" వెళ్లను సార్. "నైట్ షిఫ్టులు ఉంటాయి." తెలుసు సార్, నోటిఫికేషన్‌లో ఉంది. ఆకు కాల్చే రోజుల్లో నాన్న, నేను వంతులేసుకుని రాత్రంతా పొయ్యి దగ్గర కూర్చుంటామని కూడా చెప్పా. ఆయన నవ్వి, "అది ఇల్లు కదా. మీ నాన్నగారితో ఒకసారి మాట్లాడిద్దామా?" అన్నాడు.

నేను ఎగతాళి అనుకున్నా. కాదు. ఫోన్ తియ్యమన్నాడు, స్పీకర్‌లో పెట్టమన్నాడు. రూల్ ప్రకారం స్విచాఫ్ చేసి బ్యాగులో పెట్టిన ఫోన్ అది. ఆన్ అవడానికి నిమిషం పట్టింది. పగిలిన స్క్రీన్ గార్డు మీద ఫోన్ కంపెనీ బొమ్మ తిరుగుతుంటే ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం.

నాన్న మా ఆకు కట్టలు, అదే బేళ్లు, అమ్మడానికి పొగాకు వేలం కేంద్రంలో ఉన్నాడు. వెనకాల మైకు గోల.

"ఏంది పాపా, అయిపోయిందా? ఇక్కడ మన బేళ్లు ఇంకా రాలా."

ఈయన ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. "ఎవరమ్మా? ఏమంటన్నాడు?" అన్నాడు నాన్న. ఆయన నా వైపు తిరిగి "మీరే తెలుగులో చెప్పండి" అన్నాడు. కాబట్టి నా నోటితో నేనే అడగాల్సి వచ్చింది. "నాన్నా, నన్ను నైట్ షిఫ్టుకి పంపుతావా అని అడుగుతున్నారు. రెండేళ్లు పెళ్లి చెయ్యవుగదా అని అడుగుతున్నారు."

వేలంలో బయ్యర్లు బేలులో చెయ్యి పెట్టి, ఆకు లాగి చూసి, పక్కన పడేసి ముందుకి పోతారు. నాకు అచ్చం అట్టాగే ఉంది, కాకపోతే ధర మా నాన్ననే చెప్పమంటున్నారు.

నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఉద్యోగం నీకా, నాకా? పెళ్లి సంగతి అడగటానికి ఆయన మనకేమవుతాడు? బేలు వచ్చింది, పెట్టేస్తన్నా" అన్నాడు.

"ఏమన్నారు?"

"నో అబ్జెక్షన్ అన్నారు సార్."

ల్యాప్‌టాప్‌లో ఏదో టిక్కు పెట్టుకున్నాడు.

బయటికొచ్చి, నాకంటే ముందు లోపలికెళ్లిన గూడూరు అబ్బాయిని ఏం అడిగారని అడిగా. ఐపీఎల్‌లో ఏ టీమంటే ఇష్టమని అడిగారంట. అతనికీ అదే ట్రైనింగ్, అవే షిఫ్టులు, అంతే జీతం.

రాత్రి షిఫ్టు సంగతి వచ్చింది గాబట్టి అమ్మాయిలకి ఒక మాట. 1948 ఫ్యాక్టరీల చట్టం 66వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లు ఉదయం 6 నుంచి రాత్రి 7 దాకానే ఫ్యాక్టరీలో పని చెయ్యాలని ఉండేది. తమిళనాడులో మద్రాసు హైకోర్టు ఆ ఆంక్షని 2000లోనే కొట్టేసింది. మన ఆంధ్రాలో 2025లో సవరణ చేశారు, సమ్మతి ఉంటే రాత్రి షిఫ్టు చెయ్యొచ్చు. ఆ సమ్మతి పని చేసే మనిషిది. వాళ్ల నాన్నది కాదు, కాబోయే మొగుడిది అసలే కాదు. ఈ ముక్క నాకు ఆ గదిలో తెలిసి ఉంటే ఎంత బాగుండేదో.

ఇక మిగతావి. ఇంటర్వ్యూ కోచింగ్ అని ఒంగోల్లో వేలకి వేలు తీసుకుంటున్నారు, అక్కడ నేర్పేది టై కట్టుకోవడం. మీ ఇంట్లో జరిగే పని మీద నాలుగు సాంకేతిక ప్రశ్నలకి జవాబు తయారుచేసుకోండి. రొయ్యల చెరువైతే ఏరేటర్, గ్రానైట్ అయితే కోత మిషన్. టెన్త్ మెమోలో, ఆధార్‌లో పేరు ఒకేలా ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. ఇంటిపేరు ఒకదాంట్లో పూర్తిగా, ఇంకోదాంట్లో పొడి అక్షరంగా ఉంటే వెరిఫికేషన్‌లో ప్రాణం తీస్తారు. బాండ్, అంటే మధ్యలో మానేస్తే డబ్బు కడతానని రాసిచ్చే కాగితం, ఉంటే మొత్తం ఎంతో చదివి సంతకం పెట్టండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరడిగినా చూపించి వెనక్కి తీసుకోండి.

జాయినింగ్ ఫారంలో "తండ్రి లేదా భర్త సంతకం" అని ఒక గడి ఉంది. నాన్న పెన్ను తీశాడు గానీ నేను పెట్టనివ్వలేదు. ఖాళీగానే స్కాన్ చేసి పంపా. మెడికల్‌కి ఎప్పుడు రావాలో చెబుతూ ఈ పొద్దున జవాబు వచ్చింది, ఆ గడి ఊసే ఎత్తలేదు.