మూల ఇల్లు, మూడింతల వాటా

మొత్తానికి మా వీధికి సైడ్‌వాక్ (రోడ్డు పక్కన మనుషులు నడిచే బాట) వస్తోందట. సంతోషించాల్సిన వార్తే. సంతోషించాను కూడా, సిటీ పంపిన ఉత్తరంలో రెండో పేజీ తిప్పేదాకా. లెక్కంతా అక్కడుంది. ఖర్చులో సగం సిటీది, మిగతా సగం వీధిలో ఇళ్ళవాళ్ళది. ఎవరి స్థలం రోడ్డు వెంబడి ఎన్ని అడుగులుంటే వాళ్ళకి అంత వాటా. మాది మూల ఇల్లు కదా, ముందువైపు కొలిచారు, పక్కవైపూ కొలిచారు. పక్కింటివాళ్ళకి పడినదానికి మూడింతలు మాకు పడింది. మేమేమైనా వాళ్ళకంటే మూడింతలు నడుస్తామా?

మూల ఇల్లు వద్దని అప్పుడే చెప్పానని మళ్ళీ అనదలుచుకోలేదు. (అన్నాను, భోజనాల దగ్గర.) ఆయన తాపీగా "పదేళ్ళపాటు వాయిదాల్లో కట్టుకోవచ్చట, ఇంటిపన్నుతో కలిపి వేస్తారు" అన్నారు. దానికి వడ్డీ ఉందన్న ముక్క కింద చిన్న అక్షరాల్లో ఉంది. అది ఆయన కంటికి ఆనలేదు.

నిద్ర పట్టనివ్వనిది డబ్బొక్కటే కాదు. మా ఇంటి ముందు తారు వేసినప్పుడు ఇలాంటి ఉత్తరమేదీ రాలేదు. కార్లు పోయే దారికి ఊరందరి పన్నులు, పెట్రోలు మీద వేసే పన్ను. మనుషులు నడిచే అయిదడుగుల వెడల్పుకి మాత్రం నా జేబు! పైగా మంచు పడితే ఎత్తిపోయాల్సిందీ నేనే, సైడ్‌వాక్ సిమెంటు పలక పగిలితే బాగుచేయించాల్సిందీ నేనే. రోడ్డులో గుంట పడితే నన్నెవరూ అడగరు కదా.

వచ్చే వారం హియరింగ్, సిటీవాళ్ళు జనం మాట వినే సభ. "సైడ్‌వాక్ అందరిదీ, కాబట్టి ఖర్చంతా సిటీయే పెట్టుకోవాలి" అని గట్టిగా ఓ పేజీ రాశాను. ఇంకాస్త దట్టిద్దామని వేరే ఊళ్ళ సంగతి చదవడం మొదలుపెట్టాను. చిక్కంతా అక్కడే వచ్చింది.

లాస్ ఏంజెలెస్ 1970ల్లో ఇంచుమించు నేను అడుగుతున్నట్టే చేసింది. చెట్ల వేళ్ళు లేపేసిన పలకలు బాగుచేసే పని, ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వపు) డబ్బు చూసుకుని, తన నెత్తిన వేసుకుంది. ఆ డబ్బు కాస్తా అయిపోయింది. బాధ్యత సిటీదే, పని మాత్రం సాగలేదు. చివరికి చక్రాల కుర్చీల్లో తిరిగేవాళ్ళు కోర్టుకెక్కారు. 2016లో ఖరారైన రాజీ ప్రకారం 30 ఏళ్ళలో సుమారు 140 కోట్ల డాలర్లు పెట్టడానికి ఒప్పుకుంది. అప్పటిదాకా జనం ఎలా నడిచారో!

ఎలా నడుస్తారో నాకు తెలుసులెండి. మోకాలి ఆపరేషనయ్యాక అత్తయ్య మా దగ్గరున్న ఎండాకాలం మీలో పాతవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. రోజూ నడవమన్నారు డాక్టరు. వెనక వీధిలో కొత్త ఇళ్ళ ముందు సైడ్‌వాక్ బ్రహ్మాండంగా ఉంది. పర్మిట్ కావాలంటే బిల్డరు అది వేసి తీరాలి మరి. దాని పక్కనున్న పాత ఇంటికి ఆ నిబంధన లేదు. అందుకని సైడ్‌వాక్ కత్తితో కోసినట్టు ఆగిపోతుంది. చివరి పలక మీద కాంట్రాక్టరు ముద్ర, వేసిన సంవత్సరం, ఆ తర్వాత గడ్డి. "ఇదేమిటే అమ్మాయ్, ఇక్కడికి డబ్బులైపోయాయా వీళ్ళకి?" అన్నారావిడ. వాకర్ ముందు చక్రాలు రెండూ తడిగడ్డిలో దిగబడ్డాయి. ఎత్తి రోడ్డు మీద పెట్టానో లేదో, వెనకనుంచి ఒకడు హారన్. ఆవిడ పక్కకి జరిగేదాకా ఇంజను రొద చేస్తూనే ఉన్నాడు. నా కోపం వాడి మీద. ఆవిడ కోపం మాత్రం ఆ పాత ఇంటాయన మీద. "ఆ నాలుగు బారలూ వేయించలేడూ, చేతికేమొచ్చింది!" మర్నాటి నుంచి మా డ్రైవ్‌వేలోనే పైకీ కిందకీ తిరిగారు. ఊరెళ్ళాక కూడా ఫోన్లో అడిగేవారు, ఆ ముక్క వేశారా అని.

ఈ ఉత్తరం సంగతి అత్తయ్యకి ఇంకా చెప్పలేదు. చెబితే ఆవిడ ఏమంటారో నాకు తెలుసు.

డెన్వర్‌లో కూడా సైడ్‌వాక్ భారమంతా ఇంటివాళ్ళ నెత్తినే ఉండేది. 2022 నవంబరులో జనం ఓటేసి ఆ బాధ్యత సిటీకి అప్పగించి, తమమీద ఏటా ఫీజు వేసుకున్నారు. అదీ మొదట అడుగుల లెక్కే! మూల ఇళ్ళవాళ్ళు లబోదిబోమన్నారు. (నావాళ్ళు.) 2025లో వసూలు మొదలయ్యేసరికి చాలామట్టుకు ఇళ్ళకి ఏడాదికి 150 డాలర్లని ఒకే రేటు చేశారు. ఇథాకా అనే చిన్న ఊరు అంతకు ముందే ఊరిని అయిదు భాగాలు చేసి, చిన్న ఇళ్ళకి ఏటా 70 డాలర్లతో మొదలుపెట్టింది. ఏ భాగంలో వసూలైంది ఆ భాగంలోనే ఖర్చు.

ఆహా, ఇదీ న్యాయమంటే అనుకున్నాను. కాసేపే. మరి ఇంటి ధరలోనే సైడ్‌వాక్‌కి ఇచ్చేసుకున్న వెనక వీధివాళ్ళు మళ్ళీ ఎందుకు కట్టాలి? హియరింగ్‌లో వాళ్ళు నన్ను నమిలేస్తారు.

రాసిన పేజీ కొట్టేశాను. సైడ్‌వాక్ రావాలి, మా వాటా మేం కడతాం. కానీ మూల స్థలాలకి పక్కవైపు కొలతలో కొంత మినహాయించే ఊళ్ళు చాలా ఉన్నాయి, మా ఉత్తరంలో దాని ఊసే లేదు. అదొక్కటీ అడుగుతాను. మనిషికి మూడు నిమిషాలు ఇస్తారట. మీరూ రండి అంటే ఆయన, "నీకు మూడు నిమిషాలేం సరిపోతాయి, నావీ నువ్వే వాడుకో" అన్నారు.