నిలబెట్టిన రేక్

ఎర్రగుంట్ల, ఎండ దిగే వేళ.

సిమెంటు బస్తాలతో నిండిన రేక్, అంటే గూడ్స్ వ్యాగన్ల వరుస, ఇంజను రాక మధ్యాహ్నం నుంచి సైడింగ్‌లోనే, అంటే పక్క పట్టాల మీదే ఉంది. షంటింగ్ (వ్యాగన్లను అటూ ఇటూ మార్చడం) అనగానే అందరి ధ్యాసా బండి కదిలే కాసేపటి మీదే. గంటల తరబడి ఊరికే నిలబడ్డ రేక్‌ని పట్టించుకునేవాళ్లు తక్కువ. చేయిజారేది మాత్రం అదే.

లెక్క చిన్నదే. నిండు వ్యాగన్ దాదాపు 81 టన్నులు. 400 మీటర్లకు 1 మీటరు దిగే వాలు కంటికి చదునుగానే ఉంటుంది గానీ, ఒక్కో వ్యాగన్‌నూ 200 కిలోల బలంతో కిందికి లాగుతూనే ఉంటుంది. రోలర్ బేరింగ్ మొదట కాస్త మొండికేసినా, ఒకసారి కదిలాక అడ్డుకునే శక్తి అందులో సగం కూడా ఉండదు.

గాలి బ్రేకు ఉంది కదా అంటారు. ఉంది, కొన్ని గంటలే. బండి పొడవునా సాగే బ్రేకు గాలి గొట్టం, అంటే బీపీ పైపు, ఖాళీ చేస్తే వ్యాగన్ బ్రేకు సిలిండర్‌లోకి చదరపు సెంటీమీటరుకు 3.8 కిలోల ఒత్తిడితో గాలి చేరి బ్రేకు బ్లాకులు చక్రాలను పట్టుకుంటాయి. జాయింట్లలోంచి అది సన్నగా కారుతూ, ఒక్కో వ్యాగన్‌లో ఒక్కో వేళకు అయిపోతుంది. ఇంకా చెడ్డది, పైపు ఖాళీ చేయకుండా దాని కొసనుండే యాంగిల్ కాక్ అనే కుళాయి మూసేసి పోవడం. లోపల చిక్కిన గాలి, పడిన బ్రేకును మళ్లీ విడిపించగలదు.

అందుకే హ్యాండ్‌బ్రేకులు. రెండు కొసల నుంచీ ఆరేసి వ్యాగన్లకు బిగించాలి. కొస చక్రాలకు చెక్క వెడ్జులు, గొలుసు, తాళం. హ్యాండిల్ బిగిసిందని వదిలేస్తే చాలదు. తుప్పు పట్టి మొరాయించినా చేతికి అంతే బిగువు తగులుతుంది. వంగి చూడాలి. బ్లాకు చక్రానికి ఆనిందా, మధ్యలో వెలుతురు కనిపిస్తోందా? కనిపిస్తే ఆ వ్యాగన్ లెక్కలోకి రాదు, పక్కదానికి బిగించాలి.

ఇక్కడ నాపరాళ్లకు కొదవ లేదు గదా అని వెడ్జు బదులు రాయి పెట్టేవాళ్లూ ఉన్నారు. బరువు పడితే రాయి పగులుతుంది. పగలకపోతే, తీయడం మరిచిన రోజు ఆ చక్రమే పట్టా దిగుతుంది.

ఇంజను వచ్చేటప్పుడు 20 మీటర్ల అవతల ఆగి, సిగ్నల్ చూపాకే మెల్లగా తగలాలి. కప్లింగ్ పడ్డాక ఒకసారి వెనక్కి లాగి చూసుకోవాలి. బీపీ పైపులో గాలి ఒత్తిడి 5 కిలోలకు ఎక్కాకే వెడ్జులూ హ్యాండ్‌బ్రేకులూ తీయాలి, ముందు కాదు. విప్పేటప్పుడు రేక్ పొడవునా నడవక తప్పదు. ఒక్క బ్రేకు మిగిలినా ఆ చక్రం తిరగకుండా ఈడ్చుకుపోయి, అరిగిన చోట చదునై, ముద్దనూరు చేరకముందే టకటక మొదలుపెడుతుంది.