సెల్లర్ అకౌంటూ, ఓనరుగారి కరెంటు బిల్లూ

నిన్న మధ్యాహ్నం జీఎస్టీ నంబరు వచ్చింది. మెయిల్ చూడగానే మా వారికి ఫోన్ చేసి చెప్పాను. "ఓహో, మంచిది. గ్యాస్ బుక్ చేశావా?" అన్నారు. దాదాపు 2 నెలలు నేను పడ్డ అవస్థకి ఇంట్లో దక్కిన మర్యాద అది. అందుకే రాస్తున్నాను. ఆన్‌లైన్‌లో అమ్ముదామనుకుని, అకౌంట్ పర్సనల్‌గా తెరవాలా బిజినెస్‌గా తెరవాలా అని తేల్చుకోలేని వాళ్లకి పనికొస్తే సంతోషం. లేకపోయినా నా కడుపు ఉబ్బరం తీరుతుంది.

మాది విజయవాడ, సత్యనారాయణపురం. అద్దె ఇల్లు, మేడ మీద పోర్షన్. మంగళగిరి చీరలు అమ్ముతాను. కృష్ణ దాటితే మంగళగిరి ఎంతసేపు? వారానికోసారి వెళ్లి, మగ్గం గుంట పక్కనే పీట వేసుకుని కూర్చుని, నచ్చినవే ఏరుకొచ్చుకుంటాను. ఒళ్లంతా సాదాగా ఉండి అంచుకి నిజాం బోర్డరు ఉండే కాటన్ చీరలు. మగ్గం చీరల మధ్యలో పవర్‌లూమ్ సరుకు కలిపి అంటగట్టే అలవాటు నాకు లేదు. 4 ఏళ్లలో రంగు దిగిందని ఒక్క చీర కూడా వెనక్కి రాలేదు. అవును, గొప్పకే చెబుతున్నాను.

మొదట్లో వాట్సాప్ గ్రూపు సరిపోయేది. తర్వాత మా మరిది మాట విని, పాత సామాన్లు అమ్ముకునే ఒక యాప్‌లో పర్సనల్ అకౌంట్ తెరిచాను. ఫోన్ నంబరు, ఓటీపీ, అంతే. 5 నిమిషాల్లో తెరిచినదానికి 5 నెలలు అనుభవించాను. నంబరు అందరికీ కనపడుతుంది కదా, రాత్రి పదిన్నరకి "మేడమ్, ఈ చీర మీరు కట్టుకున్న ఫోటో ఉందా?" అని మెసేజీలు. ఒకాయనైతే రోజూ పొద్దున్నే గుడ్ మార్నింగ్, దాంతో ఒక గులాబీ పువ్వు. కొన్నది మాత్రం ఒక్క చీరా లేదు. చివరికి నేను ఒకే వారంలో 18 చీరలు పెట్టేసరికి, ఇవి సొంత వాడకం వస్తువుల్లా లేవు, మీరు డీలరు, అని అకౌంటే ఆపేశారు. ఆ పూట బాగా తిట్టుకున్నాను. తర్వాత ఆలోచిస్తే వాళ్లన్నదాంట్లో అబద్ధమేమీ లేదు.

పిల్లాడి పాత సైకిలో, పెళ్లిలో వచ్చి పెట్టెలోనే ఉండిపోయిన మిక్సీయో అమ్ముకుంటే అది ఇంట్లో సామాను వదిలించుకోవడం. దానికి పర్సనల్ అకౌంట్ చాలు. కొనుక్కొచ్చి, మీద నాలుగు రూపాయలు వేసుకుని, మళ్లీ మళ్లీ అమ్మితే అది వ్యాపారం. అకౌంట్ మీద ఏం రాసి ఉన్నా వ్యాపారమే. ఈ ముక్క మా మరిది చెప్పలేదు. ఆయనకి తెలిస్తేగా.

గవర్నర్‌పేటలో ఒక ఆడిటర్‌గారి దగ్గరికి వెళ్లాను. ఆయన మొదట అడిగింది, "మీ చీరలు ఎక్కడికి వెళ్తుంటాయమ్మా?" అని.

"సగం కూకట్‌పల్లి, మియాపూర్ సార్. అందరూ మనవాళ్లే."

ఆయన పెన్ను కింద పెట్టారు. "మనవాళ్లే. కానీ 2014 నుంచి అది వేరే రాష్ట్రం."

సంగతేమిటంటే, మన ఆంధ్రలో సరుకు అమ్మేవాళ్లకి ఏడాది టర్నోవరు 40 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. నాది అందులో నాలుగో వంతు కూడా ఉండదు. కానీ ఆ వెసులుబాటు రాష్ట్రం లోపల అమ్మినంతవరకే. సరుకు రాష్ట్రం దాటితే మామూలుగా లక్ష అమ్మినా రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే. గుంటూరు వెళ్లే పార్సిలుకి ఒక లెక్క, కోదాడ వెళ్లే పార్సిలుకి ఇంకో లెక్క. వాట్సాప్‌లో ఇన్నాళ్లూ హైదరాబాదుకి పంపింది తలుచుకుంటే ఆ కుర్చీలోనే చెమటలు పట్టాయి.

మార్కెట్‌ప్లేస్‌లలో అమ్మడానికైతే ఇదివరకు చిన్నా పెద్దా అందరికీ జీఎస్టీ తప్పనిసరిగా ఉండేది. 2023 అక్టోబరు 1 నుంచి కొంచెం సడలించారు. సొంత రాష్ట్రంలోనే అమ్ముకునే చిన్నవాళ్లు పాన్ కార్డుతో జీఎస్టీ పోర్టల్‌లో ఒక ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుంటే చాలు. మీషో లాంటి చోట దాంతోనే అమ్ముకోవచ్చు. నెలనెలా రిటర్నులు, అంటే అమ్మకాల లెక్కలు దాఖలు చేసే గొడవ లేదు. మీ కస్టమర్లంతా తెనాలి, ఏలూరు, ఒంగోలు వాళ్లయితే హాయిగా అది తీసుకుని ఊరుకోండి. నాకు కూకట్‌పల్లి వదులుకునే ధైర్యం లేదు. పైగా ఆ గులాబీ పువ్వాయన పీడ వదలాలి. బిజినెస్ అకౌంటే అనుకున్నాను.

దాంట్లో డబ్బులు కోసేస్తారని అందరూ భయపెట్టారు. పన్ను కింద కోసేది తక్కువే. అమ్మిన డబ్బు మనకి ఇచ్చే ముందే జీఎస్టీ టీసీఎస్ అని అర శాతం పట్టుకుంటారు, 2024 జులై దాకా అది 1 శాతం ఉండేది. అలాగే ఆదాయపు పన్ను కింద ముందే పట్టుకునే టీడీఎస్ 0.1 శాతం, అదీ పాన్ ఇచ్చి ఏడాదికి 5 లక్షల లోపు అమ్మే మనలాంటి వాళ్లకి ఉండదు. పట్టుకున్నది మళ్లీ మన లెక్కలోనే జమ పడుతుంది. భయపడితే రిటర్నులకి భయపడాలి. అమ్మకం సున్నా అయినా రిటర్ను వేయాలి. మర్చిపోతే రోజుకి 20 రూపాయలు, అమ్మకాలు ఉండి మర్చిపోతే 50. ఇంట్లో పాలవాడి లెక్కే రాసుకోని వాళ్లు ముందు ఆ అలవాటు చేసుకోండి.

ఆడిటర్‌గారు ఇంత చిన్న పని చేయరట. మా వీధి చివర కన్సల్టెంటుకి ఇచ్చాను, 3,500 తీసుకున్నాడు. రిజిస్ట్రేషన్‌కి ప్రభుత్వం తీసుకునే ఫీజు ఒక్క రూపాయి కూడా లేదని తర్వాత తెలిసింది. పాన్‌లో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు ఉన్నాయని 2 వారాలు అక్కడే ఆగింది. ఆడపిల్లల తల్లులకి నా సలహా, పెళ్లయ్యాక వాళ్ల కార్డుల్లో ఇంటిపేరు కదపకండి. ఆ ఇంటిపేరుకి వచ్చే లాభమేమీ లేదు. వేలిముద్రలకి స్లాటు బుక్ చేసుకోమని మెయిల్ వచ్చింది, వెళ్లాను, 10 నిమిషాల్లో అయిపోయింది.

ఇక ఉంది అడ్రస్.

వ్యాపారం ఎక్కడ చేస్తున్నామో రుజువు చూపించాలి. అద్దె ఇల్లయితే అగ్రిమెంటో, ఓనరు ఒప్పుకున్నట్టు సంతకమో, ఆ ఇంటి కరెంటు బిల్లూ పెట్టాలి. మాకు అగ్రిమెంటు ఎక్కడిది? 6 ఏళ్ల కిందట తాంబూలంలో అడ్వాన్సు పెట్టి ఇచ్చి పాలు పొంగించాం, అంతే. సరే, 100 రూపాయల స్టాంపు పేపరు మీద ఒప్పుకోలు టైపు చేయించి, డజను అరటిపళ్లు పట్టుకుని కిందకి దిగాను. మా ఓనరు పిన్నిగారు మంచావిడే. నా దగ్గర 3 చీరలు కొన్నారు కూడా.

"ఇదేంటమ్మాయ్, ఇల్లు రాసివ్వడమా?"

"కాదు పిన్నిగారూ. ఈ ఇంట్లో నేను చీరల వ్యాపారం చేసుకోడానికి మీకు అభ్యంతరం లేదని."

"చేసుకుంటున్నావుగా. నేనెప్పుడైనా అభ్యంతరం పెట్టానా?"

దానికి నా దగ్గర జవాబు లేదు. పళ్లు లోపల పెట్టుకున్నారు, పేపరు వెనక్కి ఇచ్చారు. అల్లుడిగారిని అడిగి చెబుతానన్నారు.

మర్నాడు సాయంత్రం పిలిచారు. వరండాలో ఆవిడతో పాటు పక్కింటివాళ్లు ముగ్గురు, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చున్నారు. అల్లుడుగారు చెప్పారట. సంతకం పెడితే మీటరు కమర్షియల్‌లోకి మార్చేస్తారట, ఇంటిపన్ను పెరుగుతుందట, అద్దె ఎంతో బయటపడుతుందట. అసలు భయం ఆ మూడోది అని నాకు అప్పుడే అర్థమైంది. నేను మెట్టు మీద నిలబడి, మీటరు సంగతి కరెంటు వాళ్లది పిన్నిగారూ, నాది అట్టపెట్టెలో 40 చీరలేగా అని సర్దిచెబుతుంటే, ఆవిడ గొంతు తగ్గించి అడిగారు: "మీ ఆయన ఉద్యోగం బానే ఉందా అమ్మా?"

చిక్కుడుకాయల చేతులు మూడూ ఆగాయి.

ఉంది పిన్నిగారూ అని పైకి వచ్చేశాను. ఆ రాత్రి అన్నం సయించలేదు. అప్పుచేసి పారిపోయే వాళ్లని చూసినట్టు చూశారు. అదే మా వారు ఇదే ఇంట్లో పిల్లలకి ట్యూషన్ పెడతానంటే, బోర్డు ఆవిడే గేటుకి కట్టేవారు. మగవాడు ఇంట్లో సంపాదిస్తే తెలివి, ఆడది ఇంట్లో సంపాదిస్తే ఇబ్బంది. సరే, ఆ గొడవ ఎత్తితే తెల్లారుతుంది.

తొమ్మిదో రోజు సంతకం పెట్టారు. "వచ్చే నెల నుంచి ఇంకో 500 వేసి ఇవ్వమ్మాయ్, రేపు నష్టమొస్తే నాకుండాలిగా" అన్నారు. ఒప్పుకున్నాను. ఇంకేం చేస్తాను?

అప్లికేషన్ వెళ్లింది. వారానికి నోటీసు. కరెంటు బిల్లు మీద పేరు, ఒప్పుకోలు మీద పేరు కలవడం లేదు, 7 పనిదినాల్లో జవాబు ఇవ్వాలి. బిల్లు తీసి అప్పుడు చూశాను, ఆరేళ్లుగా నేనే కడుతున్న బిల్లు. అది పిన్నిగారి మామగారి పేరున ఉంది. ఆయన పోయి 19 ఏళ్లు. కన్సల్టెంటుకి 3,500 ఇచ్చింది ఇది చూడ్డానికే కదా అంటే, "ఓనరు పేరు నాకెలా తెలుస్తుంది మేడమ్?" అన్నాడు. రెండు కాగితాలూ వాడి బల్ల మీదే పక్కపక్కన ఉన్నాయి.

పిన్నిగారి పేరున ఇంటిపన్ను రసీదు ఉంటే సరిపోతుందన్నాడు. ఆవిడేమో అప్పటికే హైదరాబాదులో కూతురి దగ్గర. ఫోన్ చేస్తే రసీదులు బీరువాలో ఉన్నాయి, తాళం నా దగ్గరుంది అన్నారు. ఫోను అల్లుడుగారు అందుకుని, "మీరెందుకండీ మా పాత కాగితాలు తవ్వుతున్నారు?" అన్నారు. 3 రోజులు పోయాయి. నాలుగో రోజు వార్డు సచివాలయానికి వెళ్తే, అక్కడి అమ్మాయి డోర్ నంబరు కొట్టి ఇంటిపన్ను అసెస్‌మెంట్ నంబరు, దాంతో రసీదూ తీసి ఇచ్చింది. ఒక్క రూపాయి అడగలేదు. మా మేనకోడలి వయసు కూడా ఉండదు. రసీదులో పిన్నిగారి పేరే ఉంది. ఆరో రోజు జవాబు పెట్టాం.

అయిపోయిందనుకున్నాను. మంగళవారం మంగళగిరిలో, 11 చీరలు ఒళ్లో పెట్టుకుని బస్సు ఎక్కుతుండగా ఫోను. "వెరిఫికేషన్‌కి వచ్చామండి. ఇక్కడ వ్యాపారమేమీ లేదంటున్నారే?" పిన్నిగారు అంతకు ముందురోజే ఊరి నుంచి వచ్చారు. గేటు దగ్గర ఆఫీసరుగారిని చూసి, "వ్యాపారమా? అలాంటివేం లేవండీ, సంసారులుండే ఇల్లు ఇది" అన్నారట. సంతకం పెట్టిన చేత్తోనే గేటు వేశారు.

బస్సులో అందరూ వింటుండగా, సార్, నేను చీరలతోనే వస్తున్నాను సార్, ఒక్క గంట సార్, అని బతిమాలాను. ఆయన మర్యాదగానే మాట్లాడారు. రేపు వస్తాను, బోర్డు పెట్టి ఉంచండి అన్నారు. రెండడుగుల ఫ్లెక్సీ 180 రూపాయలకి అప్పటికప్పుడు వేయించాను. గోడకి మేకు కొడితే పెచ్చులూడతాయని పిన్నిగారు ఒప్పుకోలేదు. చీరల కట్టకి వచ్చిన పురికొసతో మేడ మెట్ల గ్రిల్లుకి కట్టాను. మర్నాడు ఆఫీసరుగారు వచ్చి, పెట్టెలు చూసి, బోర్డు పక్కన నన్ను నిలబెట్టి ఫోటో తీసుకున్నారు. ఆయన వెళ్లాక వెనక్కి తిరిగి చూస్తే, నా భుజం మీదుగా తీగ మీద మా వారి గళ్ల లుంగీ. సర్కారు రికార్డులో నా దుకాణం అదే.

పర్సనల్‌లో ఫోన్ నంబరు వీధిలో పడుతుంది, బిజినెస్‌లో ఇంటి నంబరు పడుతుంది. 2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం అమ్మేవాళ్ల పేరు, అడ్రసు కొనేవాళ్లకి చూపించాలి, బిల్లు మీదా ఉంటుంది. అద్దె ఇంట్లో ఉండేవాళ్లు అకౌంట్ ఏది తెరవాలని తర్వాత ఆలోచించుకోండి, ముందు కరెంటు బిల్లు తీసి ఎవరి పేరున ఉందో చూడండి.

నిన్న సాయంత్రం స్వీట్లు పట్టుకుని కిందకి వెళ్లాను. సర్టిఫికెట్ చూపిస్తే పిన్నిగారు కళ్లజోడు పెట్టుకుని, 37తో మొదలయ్యే ఆ 15 అక్షరాల నంబరు వదిలేసి, డోర్ నంబరు దగ్గర వేలు పెట్టి రెండుసార్లు చదివారు.

"అయిపోయినట్టేగా ఇంక?"

"అయిపోయింది పిన్నిగారూ. బ్యాంకులో కరెంటు అకౌంటు ఒకటి తీయాలంతే."

స్వీటు నోటి దాకా వెళ్లి ఆగింది. "మళ్లీ కరెంటా? చూడమ్మాయ్, మా మీటరు జోలికి మాత్రం రావద్దు."

అరగంట పట్టింది విడమరిచి చెప్పడానికి. బోర్డు మీద జీఎస్టీ నంబరు కూడా ఉండాలట, రేపు కొత్త ఫ్లెక్సీ వేయించాలి. లుంగీ వెనక తీగ మీదకి మార్చాను.