వాలు స్టేజీ మీద ఒక రోజు

పొద్దున తొమ్మిదింటికి సామాను దించడం మొదలుపెట్టాం. మా నాటకం టూర్లో ఇది పదకొండో హాలు. నూరేళ్లు ఎప్పుడో దాటిన భవనం. పాలరాతి మెట్లు, నిలువెత్తు అద్దాలు, బంగారు పూత స్తంభాలు ప్రేక్షకుల కోసం. మేము వెళ్లేది ఎప్పుడూ వెనక సందులోంచే. ఇనుప తలుపు, ఇరుకు దారి, గోడ పట్టుకుని పది మెట్లు, ఆ తర్వాత చీకట్లో వింగు, అంటే స్టేజీ పక్కన జనానికి కనబడని చోటు. అక్కణ్ణుంచి స్టేజీ మీదికి వస్తే ఒక్కసారిగా ఎదురుగా అంత హాలు! ఎర్ర మఖ్మల్ కుర్చీలు, గుర్రపు నాడాలా వంగిన మూడు బాల్కనీలు, పైకప్పుకి ఆనుకున్నట్టు చిట్టచివరి వరస. ఎన్ని హాళ్లు తిరిగినా ఆ మొదటి చూపుకి నా గొంతు తడారిపోతుంది. ఇవాళా అంతే అయింది.

రెండడుగులు వేశానో లేదో ఒళ్లు ముందుకు తూలింది. వాలు స్టేజీ. మా స్టేజ్ మేనేజర్ జడలోంచి పెన్సిల్ తీసి నేల మీద పెట్టింది. అది ఒక క్షణం ఊగి, దొర్లుకుంటూ వెళ్లి స్టేజీ అంచున ఉన్న పాత ఫుట్‌లైట్ల గాడిలో పడింది. 24 అడుగులకి అడుగు చొప్పున వాలు ఉందని హాలు మనిషి చెప్పాడు. స్టేజీ లోతు 36 అడుగులు. అంటే వెనక అంచు ముందు అంచు కంటే అడుగున్నర ఎత్తు. ఇంతేనా అనిపిస్తుంది గానీ, సాయంత్రానికి ఆ సంగతి పిక్కలకి తెలుస్తుంది.

స్టేజీ వెనక భాగాన్ని అప్‌స్టేజ్ అనీ ముందు భాగాన్ని డౌన్‌స్టేజ్ అనీ మేము రోజుకి వందసార్లు అంటాం. ఆ మాటలు పుట్టింది ఈ వాలులోంచే. వెనక నిలబడ్డవాళ్లు కూడా కనబడాలన్నది ఒక కారణం, దూరం ఉన్నట్టు భ్రమ కలిగించడం ఇంకొకటి. ఇటలీలోని విచెంజాలో 1585లో తెరుచుకున్న టియాట్రో ఒలింపికో అనే థియేటర్లో ఈ రెండోది బాగా తెలుస్తుంది. వాస్తుశిల్పి పల్లాడియో మొదలుపెట్టిన ఆ హాలుకి, ఆయన పోయాక, స్కమోజ్జి అనే ఇంకో వాస్తుశిల్పి వీధుల సెట్టు కట్టించాడు. నేల పైకి లేస్తూ, ఇళ్లు చిన్నవవుతూ పోతాయి. కొద్దిపాటి లోతులోనే పొడుగాటి వీధి కనబడుతుంది. అయితే నటుడు ఆ వీధిలో లోపలికి వెళ్తే ఇళ్ల పక్కన రాక్షసుడిలా ఉంటాడు, అందుకని ముందే నిలబడి నటించాలి. ఆ కర్ర వీధులు ఇప్పటికీ ఉన్నాయి. వాటిని ఒక్కసారి కళ్లారా చూడాలని నాకు చాలా కోరిక.

మాకు మాత్రం వాలుతో పెద్ద చిక్కే వచ్చింది. నాటకంలో నా భర్త మంచం పట్టి లేచిన మనిషి. ఆయన్ని పాతకాలం కర్ర చక్రాల కుర్చీలో తోసుకొస్తాను. రెండో అంకంలో కుర్చీ వదిలేసి, కిటికీ దగ్గరికి నడిచి, కొడుకు రాసిన ఉత్తరం చదవాలి. కుర్చీకి బ్రేకు లేదు. ఖాళీ కుర్చీతో చూద్దామని వదిలితే నేను నాలుగు అడుగులు వేసేలోగా అది స్టేజీ ముందు వాద్యగాళ్లు కూర్చునే ఆర్కెస్ట్రా గుంట వైపు బయల్దేరింది. మా కుర్రాడు పరిగెత్తి పట్టుకున్నాడు. "అక్కా, ఇందులో అన్నయ్య కూర్చుని ఉంటే?" అన్నాడు. ఎవరమూ మాట్లాడలేదు.

హాలు మనిషి ఏమీ అనకుండా వెళ్లి చెక్క పెట్టె ఒకటి తెచ్చాడు. దాన్నిండా అరచేతిలో ఇమిడే చెక్క ముక్కలు, ఒక వైపు పలచగా, ఒక వైపు మందంగా, అడుగున తోలు అంటించి. ఎన్ని చక్రాల కింద నలిగాయో, తోలు నల్లగా నిగనిగలాడుతోంది. ఒకటి తీసి చక్రం ముందు పెట్టి బొటనవేలితో తోసి చూపించాడు. "చేత్తో వద్దమ్మా, చేత్తో పెడితే జనం చూస్తారు. కాలితో పెట్టండి, చీర కుచ్చిళ్ల చాటున కనబడదు" అన్నాడు. ఆ తర్వాత గంటసేపు నేను చేసిన పని అదే. కుర్చీ ఆపడం, బొటనవేలితో ముక్కని జరపడం, మొహంలో ఆ ధ్యాస తెలియకుండా డైలాగు చెప్పడం. ముప్పై సార్లయినా చేసుంటాను.

మధ్యాహ్నం లైట్లు కడుతుంటే గొంతు చూసుకున్నాను. మా నాటకంలో మైకులు లేవు. స్టేజీ నడిమధ్యలో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టి విన్నాను. శబ్దం గుండ్రంగా తిరిగి, బాల్కనీల కింద ఒదిగి, తర్వాత ఆగింది. అయితే ఖాళీ హాలుని నమ్మకూడదు. మనుషులు నిండితే మాట పొడిబారుతుంది. 1895లో హార్వర్డ్‌లో వాలెస్ సబైన్ అనే యువ అధ్యాపకుడికి, మాట ముద్దముద్దగా వినబడే ఒక లెక్చర్ హాలుని బాగుచేసే పని పడింది. దగ్గర్లోని థియేటర్ కుర్చీ మెత్తల్ని రాత్రిళ్లు మోయించుకొచ్చి, ఆర్గాన్ గొట్టం మోగించి, శబ్దం ఎంతసేపటికి అణిగిపోతోందో కొలిచేవాడు. మెత్త ఎంత శబ్దం పీలుస్తుందో, మనిషి ఎంత పీలుస్తాడో అలా తేలింది. 1900లో తెరుచుకున్న బోస్టన్ సింఫనీ హాలుకి ఆ లెక్కలే ఆధారం. నాకు లెక్కలు రావు, ఒక్కటి తెలుసు: హాలు నిండినప్పుడు మాట చివరి అక్షరాన్ని వదిలేయకూడదు. మింగేసిన అక్షరం పై వరసకి చేరదు.

ఆ పై వరసకి ఎక్కాను. ప్రతి హాల్లోనూ ఎక్కుతాను. ఇక్కడ నూట నాలుగు మెట్లు, చివర్లో నిచ్చెనంత నిలువుగా. అక్కడ కూర్చుని కిందికి చూస్తే మా సెట్టు అగ్గిపెట్టెంత ఉంది. కిటికీ దగ్గర ఉత్తరం చదువుతున్నట్టు మా కుర్రాణ్ణి నిలబెట్టి చూశాను. తల వంచగానే మొహం లేదు. పాపిడి మాత్రమే కనిపించింది. ఇన్ని ఊళ్లలో ఈ సీను తల వంచి చదివాను! తక్కువ డబ్బుతో టికెట్టు కొనుక్కుని ఇన్ని మెట్లు ఎక్కినవాళ్లకి నేను చూపించింది పాపిడా? మనసంతా అదోలా అయిపోయింది. కిందికి దిగాక, ఉత్తరాన్ని గుండెల ఎత్తుకి పట్టుకుని చదవడం సాధన చేశాను.

తెరలు లాగే తాళ్లు ఇక్కడ కొన్ని ఇంకా జనపనారవే. స్టేజీ మీద ఈల వేయకూడదన్న మాట ఇలాంటి తాళ్ల దగ్గరే వచ్చిందంటారు. ఓడల మీద పనిచేసినవాళ్లు తాళ్లు లాగేవారట, ఈలే వాళ్లకి సైగ. స్వీడన్‌లోని డ్రాట్నింగ్‌హోమ్ రాజభవనం థియేటర్లో సెట్లు కదిపే 1766 నాటి చెక్క యంత్రాలు ఇప్పటికీ పనిచేస్తున్నాయి. 1792లో రాజుని హత్య చేశాక మూతబడి, 1921 దాకా అందరూ మరిచిపోయారు కాబట్టే అవి మిగిలాయి. ఎవరూ బాగుచేయబోకపోవడం వల్ల.

రాత్రి హాలు నిండింది. మొదటి అంకం అయ్యాక, మంటలు హాల్లోకి పాకకుండా ఆపే ఇనుప తెర దించారు. ప్రతి ప్రదర్శనలో ఒకసారి జనం కళ్లెదుటే దించి తీరాలన్నది ఇక్కడి నియమం. 1903 డిసెంబర్ 30న షికాగో ఇరొక్వా థియేటర్లో మంటలు లేచినప్పుడు అగ్ని తెర సగంలో ఇరుక్కుపోయింది. 600 మందికి పైగా చనిపోయారు, అందులో ఆడవాళ్లూ పిల్లలే ఎక్కువమంది. ఆ సంగతి చదివినప్పటినుంచీ ఈ తెర దిగుతుంటే నేను వింగులో మాటలాపి, అది నేలని తాకేదాకా చూస్తాను. ఇవాళ మెత్తగా, ఎక్కడా ఆగకుండా దిగింది.

రెండో అంకం. కుర్చీ ఆపాను, బొటనవేలితో ముక్క జరిపాను, కిటికీ వైపు తిరిగాను. వెనక చిన్న కిర్రుమన్న చప్పుడు. ముక్క పక్కకి జారింది. చక్రం బెత్తెడు కదిలింది. ఆయన మొహంలో ఏమీ లేదు గానీ వేళ్లు మాత్రం కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాయి. నేను కిటికీ దగ్గరికి పోలేదు. వెనక్కి వచ్చి, ఒక చెయ్యి కుర్చీ మీద వేసి, మడమ చక్రానికి అడ్డం పెట్టి, ఉత్తరం గుండెల ఎత్తుకి లేపి అక్కడే చదివాను. చివరి వాక్యం దగ్గర ఆయన చెయ్యి వచ్చి నా చేతి మీద పడింది. అది నాటకంలో లేదు. పై వరసలో అప్పటిదాకా దగ్గుతున్న ఎవరో ఆపేశారు. ఒక్క అలికిడి లేదు. ఆ నిశ్శబ్దం ఎంతసేపో నాకు తెలియదు, తర్వాతి మాట అందుకోవడానికి నాకే ఊపిరి చాల్లేదు.

సెట్టు విప్పుతుంటే, ఇకనుంచి ఆ సీను కుర్చీ దగ్గరే అని స్టేజ్ మేనేజర్ స్క్రిప్టులో రాసుకుంది. ఆయనా నేనూ దాని గురించి ఏమీ మాట్లాడుకోలేదు. చెక్క ముక్కని పెట్టెలో వేసేముందు చీర కొంగుతో తుడిచాను. అందరూ వెళ్లాక స్టేజీ మధ్య ఒంటరి బల్బు స్టాండు పెట్టి వెలిగించారు, చీకట్లో ఎవరూ గుంటలో పడకుండా.

ఇప్పుడు గదిలో ఉన్నాను. ఇక్కడి నేల చదునే. కాళ్లు మాత్రం ఇంకా కాస్త వెనక్కి వాలే నిలబడుతున్నాయి.