అథీనాకు పెట్టిన చీర: పిల్లలతో గ్రీసు శిథిలాల మధ్య

ఇంగ్లండు పాఠ్యప్రణాళికలో ఏడు నుంచి పదకొండేళ్ల పిల్లలకు ప్రాచీన గ్రీసు ఒక చరిత్ర పాఠం. జ్యూస్, అథీనా, పొసైడన్ అనే అక్కడి దేవుళ్ల పేర్లు పిల్లలకు నోటికి వచ్చేస్తాయి. ఇంట్లో వాళ్లు దణ్ణం పెట్టుకునే వినాయకుడు, వెంకన్న మాత్రం ఇంకో పీరియడ్‌లో, మతాల పాఠంలో వస్తారు. ఒక వైపువి కట్టుకథలు, మరో వైపువి ఎవరివో నమ్మకాలు అని పసిబుర్రల్లో గీత పడిపోతుంది. ఆ గీత చెరపడానికి గ్రీసు శిథిలాలకంటే మంచి చోటు లేదు. భుజాన సంచీలు వేసుకుని, బస్సులెక్కి, నడిచి చూస్తే ఇంకా బాగుంటుంది. కారులో తిరిగే పిల్లలు కిటికీలోంచి చూస్తారు, నడిచే పిల్లలు ప్రశ్నలు అడుగుతారు.

ముందు కాగితాలు. ఇంగ్లండులోని మన తెలుగు ఇళ్లలో రెండు రకాల పాస్‌పోర్టులు ఉండడం మామూలే. బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్న పిల్లలకు షెంగెన్ వీసా (గ్రీసుతో సహా చాలా యూరప్ దేశాల ఉమ్మడి వీసా) అక్కర్లేదు, భారతీయ పాస్‌పోర్టు ఉన్న అమ్మానాన్నలకు కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు. పదిహేను రోజుల్లోపు మిగిలితే తీసుకోరు. ఫీజు 2024 జూన్ నుంచి పెద్దలకు 90 యూరోలు, ఆరు నుంచి పదకొండేళ్ల వాళ్లకు 45, ఆరేళ్లలోపు వాళ్లకు లేదు. బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. చాలామంది దెబ్బతినేది అపాయింట్‌మెంట్ దగ్గరే. విమానం టికెట్లు కొనేశాక చూస్తే సెలవులకు ముందు వారాల స్లాట్లన్నీ నిండిపోయి ఉంటాయి. స్లాట్ దొరికాకే టికెట్లు కొనండి. పిల్లలతో ఒక్కరే వెళ్తుంటే రెండో వాళ్ల సమ్మతి లేఖ, పిల్లల జనన ధ్రువపత్రం నకలు చేతిలో ఉంచుకోండి. అమ్మ ఇంటిపేరు, పిల్లల ఇంటిపేరు వేరుగా ఉన్న కుటుంబాల్లో సరిహద్దు దగ్గర అడిగే మొదటి ప్రశ్న అదే.

వెళ్లడానికి మే చివర వచ్చే బడి సెలవులు (హాఫ్ టర్మ్) అన్నిటికన్నా మేలు. అక్టోబరుది దాని తర్వాత. అప్పటికి మూసే వేళలు ముందుకు జరిగిపోతాయి కాబట్టి పొద్దున్నే బయల్దేరాలి. జులై, ఆగస్టుల్లో పెద్ద పిల్లలతో కూడా వద్దంటాను. 2023, 2024, 2025 వేసవుల్లో ఎండ మరీ ముదిరిన రోజుల్లో, ఏథెన్స్‌లో అథీనా గుడి ఉన్న కొండ అక్రోపోలిస్‌ను మధ్యాహ్నం పూట మూసేశారు. కొండమీద చెట్టు నీడ లేదు, పాలరాయి ఎండను మొహంమీదికి తిప్పికొడుతుంది. ఈస్టరు సెలవుల్లో వెళ్లేవాళ్లు గ్రీకుల ఈస్టరు తేదీ విడిగా చూసుకోవాలి. అది చాలా ఏళ్లు మన క్యాలెండరులోని ఈస్టరుతో కలవదు. ఆ ఆదివారం, మే 1, మార్చి 25 తేదీల్లో శిథిలాలన్నీ మూసి ఉంటాయి.

పిల్లల సంచి వాళ్ల బరువులో పదో వంతు దాటకూడదు. ముప్పై కిలోల పిల్లకు మూడు కిలోలు, అందులో లీటరు నీళ్లే ఒక కిలో. కాబట్టి బట్టలు పెద్దవాళ్ల సంచిలోకి వెళ్లాలి. పిల్లల దగ్గర నీళ్లు, టోపీ, పల్చటి పొడుగుచేతుల చొక్కా, నోటుబుక్కు, పెన్సిలు చాలు. చెప్పులు వద్దు. రెండున్నర వేల ఏళ్లుగా అడుగులు పడి పడి అక్రోపోలిస్ రాళ్లు నున్నగా అద్దంలా అయ్యాయి, వాన పడకపోయినా జారతాయి. రబ్బరు అట్ట ఉన్న మూసిన బూట్లే కావాలి, అవీ కొత్తవి కాకుండా అప్పటికే అలవాటైనవి. పెద్ద సంచీలను కొండమీదికి రానివ్వరు, కింద అప్పగించి ఎక్కాలి. ఇంకో మాట: గ్రీసులో చాలాచోట్ల టాయిలెట్ పేపరు కుండీలో వేయాలి, గొట్టాలు సన్నవి కాబట్టి లోపల వేస్తే మూసుకుపోతాయి. నీళ్ల పైపు ఉండదు, ఒక ఖాళీ సీసా సంచిలో ఉంటే పిల్లలకు ఇబ్బంది లేదు.

తిండికి మాత్రం బెంగ అక్కర్లేదు. మాంసం తినని ఇళ్లవాళ్లు ఒక్క మాట నేర్చుకుంటే గట్టెక్కుతారు: 'నిస్తీసిమో', అంటే ఉపవాసం వంట. ఆర్థడాక్స్ క్రైస్తవులు ఉపవాస దినాల్లో మాంసం, పాలు, గుడ్లు మానేస్తారు. రొయ్యలు, నత్తలలాంటివి మాత్రం తింటారు, అది అడిగి తెలుసుకోవాలి. 'ఫావా' అంటే పసుపుపచ్చ పప్పును మెత్తగా ఉడికించి, ఉల్లిపాయ, ఆలివ్ నూనె వేసి ఇస్తారు. ముద్దపప్పు తినే పిల్లలు మారు అడుగుతారు. 'వ్లీతా' మన తోటకూరే, ఉడికించి నిమ్మరసం పిండుతారు. 'బామియెస్' టమాటాలో ఉడికిన బెండకాయ. 'యెమిస్తా' అనే కూరిన టమాటాల్లో ఒక్కోచోట కీమా ఉంటుంది, 'హోరిస్ క్రేయాస్' అని అడగండి, మాంసం లేకుండా అని అర్థం. కందిపొడి, కారప్పొడి తీసుకెళ్లవచ్చు. నెయ్యి సీసా, పాలకోవా మాత్రం వద్దు. బ్రిటన్ నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి పాల పదార్థాలు, మాంసం సామానులో తేవడం నిషేధం. ఇంకా, 'నే' అంటే అక్కడ అవును. తల పైకెత్తి 'చ్చ్' అంటే కాదు. ఆ 'చ్చ్' మన పిల్లలకు ఇంట్లో అలవాటైనదే. అరచేయి ఎదుటివాళ్ల మొహంవైపు ఐదు వేళ్లతో చాపితే బూతుతో సమానం, 'ఐదు టికెట్లు' అని చేత్తో చూపించే పిల్లలకు ముందే చెప్పి ఉంచండి.

అక్రోపోలిస్ టికెట్‌కు గంట ప్రకారం స్లాట్ ఉంటుంది. 2025 ఏప్రిల్ నుంచి పెద్దలకు 30 యూరోలు. పిల్లల రాయితీ వయసును బట్టి, పాస్‌పోర్టును బట్టి మారుతుంది కాబట్టి అసలు పాస్‌పోర్టు జేబులో ఉండాలి. ఎనిమిది గంటల స్లాట్ తీసుకుని, ఆగ్నేయం వైపు గేటునుంచి ఎక్కండి. మెట్రో స్టేషనుకు దగ్గర, వరుస తక్కువ, దారిలో డయోనైసస్ నాటకశాల కనిపిస్తుంది.

పైకి ఎక్కగానే తేదీలు చెప్పకండి. పార్థెనాన్ అనే ఈ అథీనా గుడి క్రీ.పూ. 447లో మొదలై 432కు శిల్పాలతో సహా పూర్తయిందన్నది పిల్లలు బడిలో చదివిందే. అందుకు బదులు గుడిని మన మాటల్లో చూపించండి. మధ్యలో దేవత ఉండే గది గర్భగుడి. చుట్టూ 46 స్తంభాలు. గుడి ముఖం తూర్పుకు. బలిపీఠం బయట, ఆరుబయట, జనం కూడా అక్కడే. స్తంభం ఒకే రాయి కాదు, గుండ్రటి రాళ్లను ఒకదానిమీద ఒకటి పేర్చారు, నడుమ చెక్క బిరడాలు పెట్టి కేంద్రం కలిపారు. తెల్లగా మెరిసే ముక్కలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టమంటే పిల్లలు అరగంట కదలరు. అవి ఈమధ్య అతికిన కొత్త పాలరాళ్లు. వంద ఏళ్ల కిందటి మరమ్మతులో ఇనుప బందులు వాడితే, అవి తుప్పుపట్టి ఉబ్బి రాయినే పగలగొట్టాయి. ఇప్పుడు వాటిని తీసి టైటానియం వేస్తున్నారు. పాతకాలం వాళ్లు కూడా ఇనుమే వాడారు, కానీ చుట్టూ సీసం పోసి తేమ తగలకుండా చూశారు.

అసలు సంగతి కొండ కిందున్న మ్యూజియంలో ఉంది. ఈ గుళ్లూ బొమ్మలూ తెల్లటివి కావు. ఎరుపు, నీలం, పసుపు రంగులు వేసి ఉండేవి, కొన్ని విగ్రహాలమీద ఇప్పటికీ రంగు ఆనవాళ్లు కనిపిస్తాయి. మన గోపురాల రంగులు చూసి 'మరీ ముదురుగా ఉన్నాయి' అని ముఖం తిప్పుకునే పిల్లలకు ఇది తప్పక చూపించాలి. తెలుపే అందం అన్నది రంగు రాలిపోయిన తర్వాత చూసినవాళ్లు అనుకున్న మాట.

అదే మ్యూజియంలో పైఅంతస్తున గుడి చుట్టూ ఉండిన 160 మీటర్ల శిల్పపట్టీ వరుస ఉంది, కొన్ని అసలువి, కొన్ని నకళ్లు. ఎక్కువమంది పండితులు అది పనథెనాయా ఉత్సవపు ఊరేగింపు అంటారు. నాలుగేళ్లకోసారి ఘనంగా జరిగే ఆ పండుగకు ఏథెన్స్ జనం అథీనాకు కొత్త వస్త్రం తెచ్చి సమర్పించేవారు. కుంకుమపువ్వు రంగు, ఊదా రంగు దారాలతో, దేవతల యుద్ధం బొమ్మలు నేసిన వస్త్రం. తొమ్మిది నెలల ముందు మగ్గం మీద పడుగు పోసేవాళ్లు. ఆ పనిలో చేయి కలిపే చిన్నపిల్లల వయసు ఏడు నుంచి పదకొండు. ఆ వస్త్రాన్ని చక్రాల మీద నడిచే ఓడకు తెరచాపలా కట్టి ఊరేగించిన రోజులూ ఉన్నాయి. తిరుమల బ్రహ్మోత్సవాలకు ముఖ్యమంత్రి తలమీద పట్టువస్త్రాలు మోసుకొచ్చేది, భద్రాచలం కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు వచ్చేది టీవీలో చూసిన పిల్లలకు ఆ రాతిబొమ్మల్లో మడతపెట్టిన గుడ్డ పట్టుకున్న మనిషిని చూపించండి. ఇంకేమీ చెప్పక్కర్లేదు.

అక్కడే కష్టమైన ప్రశ్న వస్తుంది: 'ఇప్పుడు ఈ గుళ్లో ఎవరు పూజ చేస్తారు?' ఎవరూ చెయ్యరు. నాలుగో శతాబ్దం చివర రోమన్ చక్రవర్తులు పాత పూజల్ని నిషేధించారు. పార్థెనాన్ వందల ఏళ్లు చర్చి, తర్వాత మసీదు, 1687లో వెనీస్ సేన ఫిరంగులు కొడితే లోపల దాచిన మందుగుండు పేలి నడుమ కూలింది. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఆ దేవుళ్లకూ దీపం పెట్టిన అమ్మలు ఉండేవారు, ఆ మొక్కులూ నిజమే అని చెప్పండి. 'వాళ్లంతా మన దగ్గరే నేర్చుకున్నారు' అని మాత్రం అనకండి. పిల్లలు ఆ మాట బడిలో అంటే టీచరు రుజువు అడుగుతుంది, అది చూపించలేక పిల్లలు మన మిగతా మాటలమీద కూడా నమ్మకం పోగొట్టుకుంటారు. పోలిక ఉంటే చాలు, పుట్టుక మనదే కావాల్సిన పని లేదు.

ఏథెన్స్‌లో మూడు రాత్రులు అయ్యాక నాఫ్‌ప్లియో పట్టణానికి వెళ్లి మూడు రాత్రులు ఉండండి. కిఫిసోస్ బస్‌స్టాండు నుంచి రెండున్నర గంటలు. అక్కడినుంచి మైసీనే అనే పాత కోట, ఎపిడారస్ అనే క్షేత్రం రెండూ దగ్గర. మైసీనేలో సింహద్వారం దాటి పైకి వెళ్తే నేలలోకి దిగే మెట్లబావి ఉంది, లోపల చీకటి, టార్చి ఉండాలి, మెట్లు అరిగిపోయాయి. చిన్నపిల్లలతో మొదటి మలుపు దగ్గరే ఆగిపోండి. ఎపిడారస్‌కు బస్సెక్కేటప్పుడు పొరపాటు సులువు. 'పాలియా ఎపిడావ్రోస్' సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. మనకు కావాల్సింది 'అస్క్లిపియో', అంటే లిగూరియో పక్కనున్న క్షేత్రం. డ్రైవరుకు ఆ మాటే చెప్పండి.

అది వైద్యదేవుడు అస్క్లీపియస్ చోటు. రోగులు వచ్చి రాత్రి గుడిలో నిద్ర చేసేవాళ్లు. కలలో దేవుడు కనిపించి వైద్యం చేస్తాడని, లేదా మందు చెబుతాడని నమ్మకం. నయమైనవాళ్ల కథలు రాతిమీద చెక్కారు, అవి ఇప్పటికీ ఉన్నాయి. యాదగిరిగుట్టలో మండలం పాటు నిద్ర చేసి, కలలో నరసింహస్వామి వైద్యం చేశాడని చెప్పుకునేవాళ్లు మన చుట్టాల్లోనే ఉంటారు. మనం వెండి కళ్లు, వెండి కాళ్లు హుండీలో వేసినట్టే అస్క్లీపియస్ గుళ్లలో మట్టితో, రాతితో చేసిన అవయవాలు మొక్కుగా పెట్టేవాళ్లు. నానమ్మ మొక్కు గురించి పిల్లలు ఇంగ్లీషులో ఎవరికైనా చెప్పుకోవడానికి సిగ్గుపడితే, ఇక్కడ ఆ సిగ్గు పోతుంది.

పక్కనే 55 వరుసల నాటకశాల. మధ్యలోని గుండ్రటి రాయి దగ్గర కాగితం చింపితే, నాణెం పడేస్తే పైవరకు వినబడుతుందని గైడ్లు చెబుతారు. 2017లో ఐండ్‌హోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం వాళ్లు పరికరాలతో కొలిస్తే గుసగుస చివరి వరుస దాకా తెలిసేలా చేరదని తేలింది. పిల్లల్ని వేర్వేరు వరుసల్లో కూర్చోబెట్టి, ఎక్కడిదాకా వినిపించిందో నోటుబుక్కులో రాయమనండి. వాళ్లే కొలిచినట్టవుతుంది.

డెల్ఫీకి ఏథెన్స్‌లోని లియోసియోన్ బస్‌స్టాండు నుంచి మూడు గంటలు. చివర కొండ మలుపులు, వాంతులయ్యే పిల్లలకు ముందు సీట్లు. ఒక రాత్రి అక్కడే పడుకుంటే ఏథెన్స్ నుంచి టూరు బస్సులు చేరేలోపే కొండ ఎక్కేయొచ్చు. ముక్కాలి పీటమీద కూర్చుని అపోలో దేవుడి మాట పలికే పూజారిణి పిథియాను ఎలా చెప్పాలా అని వెతుక్కోనక్కర్లేదు. సికింద్రాబాదు ఉజ్జయిని మహంకాళి బోనాల్లో పచ్చికుండమీద నిలబడి భవిష్యవాణి చెప్పే రంగం వీడియో ముందు రోజు చూపించండి.

ఒక్క గులకరాయి కూడా ఇంటికి తేకూడదు. పురావస్తు స్థలంనుంచి రాయి తీయడం అక్కడ నేరం, గేటు దాటేముందు పిల్లల జేబులు చూడండి. మ్యూజియంలో విగ్రహాన్ని అనుకరిస్తూ ఫోటో దిగనివ్వరు.

తిరిగొచ్చాక ఒక శనివారం బ్రిటిష్ మ్యూజియంకు వెళ్లండి. 18వ గదిలో పార్థెనాన్ శిల్పపట్టీలో సగం దాకా ఉంది, బ్రిటిష్ రాయబారి లార్డ్ ఎల్గిన్ మనుషులు 1801 నుంచి ఊడదీసి తెచ్చినవి. అదే భవనంలో 33ఏ గది అమరావతి బౌద్ధ స్తూపానిది. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన పల్నాటి సున్నపురాయి ఫలకాలు మద్రాసు మీదుగా లండన్ చేరాయి, 1880లో ఈ మ్యూజియంకు వచ్చాయి. వాటికీ చాలాకాలం 'మార్బుల్స్' అనే పేరే. ఆ గది కొన్ని రోజులు మూసి ఉంటుంది, వెళ్లేముందు వెబ్‌సైటు చూసుకోండి.

ఈసారి ఇండియా వెళ్లినప్పుడు నాగార్జునసాగర్ దగ్గర అనుపులో ఒక పూట గడపండి. జలాశయంలో మునిగిపోకుండా నాగార్జునకొండ నుంచి తెచ్చి నిలబెట్టిన ఇక్ష్వాకుల కాలపు మెట్ల రంగస్థలం అక్కడ ఉంది. ఎపిడారస్ కొలతలు రాసిన నోటుబుక్కే తీసుకెళ్లండి. పిల్లలు మధ్యలో నిలబడి కాగితం చింపాలి, అమ్మమ్మా తాతయ్యా పైమెట్టున కూర్చుని వినబడిందో లేదో చెప్పాలి.