నాలుగో హాప్ దగ్గర తేడా

మంగళవారం, నల్లగొండ

దేవరకొండ రోడ్డు వెంట వైర్‌లెస్ ఇంటర్నెట్ కోసం ఊరికో టవర్, అన్నీ ఒకే చానెల్, నాలుగు హాప్‌ల లైను. హాప్ అంటే ఒక టవర్ నుంచి పక్క టవర్‌కు ఒక అంగ. చివరి ఊళ్లో కెమెరాల అప్‌లోడ్ మొదలైతే చాలు, పింగ్, అంటే ప్యాకెట్ వెళ్లి జవాబు రావడానికి పట్టే సమయం, 40 మిల్లీసెకన్ల నుంచి 6 సెకన్లకు పోతుంది. సిగ్నల్ మాత్రం ఎప్పటిలాగే ఉంటుంది. కాబట్టి డిష్ తిప్పి లాభం లేదు, చూడాల్సింది మొదటి రిలేలో, అంటే చివరి ఊరి నుంచి అందుకుని ముందుకు పంపే మొదటి టవర్‌లో, ప్యాకెట్లు వంతు కోసం ఆగే క్యూ.

ఆ 6 సెకన్ల లెక్క సూటిగానే తేలుతుంది. పాత లైనక్స్ రౌటర్లలో క్యూ మామూలుగా 1000 ప్యాకెట్లు. ఒక్కోటి 1500 బైట్లు, అంటే 12,000 బిట్లు. రిలేకి దక్కేది 2 ఎంబీపీఎస్ అయితే నిండిన క్యూ ఖాళీ కావడానికి సరిగ్గా 6 సెకన్లు పడుతుంది.

క్యూ ఎందుకు నిండుతుందన్నదే అసలు సంగతి. మొదటి రిలే రెండో రిలేకి పంపుతుండగా మూడో రిలే గేట్‌వేతో, అంటే ఇంటర్నెట్‌కు కలిపే టవర్‌తో, మాట్లాడుతుంది. మొదటి రిలేకి ఆ మాట వినపడదు, రెండో రిలే దగ్గర మాత్రం రెండూ ఢీకొంటాయి. ఢీకొన్న ప్రతిసారీ మొదటి రిలే ఆగాల్సిన విండో, అంటే మళ్లీ పంపేముందు ఎన్ని స్లాట్ల (చిన్న కాల విరామాల) దాకా ఆగవచ్చో ఆ హద్దు, 15, 31, 63 అంటూ 1023 దాకా పెరుగుతుంది. వెనక నుంచి పంపే చివరి ఊరి రేడియోకు ఈ బాధ అంత లేదు, అది తోస్తూనే ఉంటుంది. అదే మూడు హాప్‌ల లైనులో అయితే ఈ దెబ్బ నేరుగా పంపే రేడియోకే తగులుతుంది, అందుకని అది తనంతట తానే నెమ్మదిస్తుంది. మూడు దాకా నిలకడగా నడిచిన లైను నాలుగో హాప్ కలపగానే చెడేది ఇందుకే. ఆర్‌టీఎస్, సీటీఎస్ (పంపేముందు అనుమతి అడిగి, ఇచ్చే చిన్న సందేశాలు) పెడితే ఢీకొన్నప్పుడు పోయే సమయం తగ్గుతుంది తప్ప జబ్బు పోదు.

మందు వేయాల్సింది మొదట పంపే చోట. అక్కడ కనీస విండోను 15 నుంచి 127కి పెంచాలి, లేదా లైను మోయగలిగిన దానికన్నా ఓ ఇరవై శాతం తక్కువకు వేగం కట్టేయాలి. రిలేలో క్యూ 50 ప్యాకెట్లు చాలు, నిండినా ఆలస్యం 0.3 సెకన్లే. హాప్ 3 కిలోమీటర్లు దాటితే ఇంకో చిక్కుంది. సిగ్నల్ అటు చేరడానికే 10 మైక్రోసెకన్లు, స్లాటేమో 9. రేడియోలో దూరం సెట్టింగు పెంచకపోతే, చేరిందన్న జవాబు వచ్చేలోపే గడువు ముగిసి చేరిన ప్యాకెట్‌నే మళ్లీ మళ్లీ పంపుతుంది.

ఇక ఊళ్ల మధ్య వేగం పంపకం. ఉదాహరణకు మూడు ఊళ్లలో గేట్‌వే పక్క ఊరికి 9, తర్వాతి వాటికి 2, 1 ఎంబీపీఎస్ వస్తుంటే, పంపకం ఎంత సమానమో కొలిచే రాజ్ జైన్ సూత్రం ప్రకారం సూచీ 0.56, అందరికీ సమానమైతే 1. సాగర్ కాలువ చివరి ఆయకట్టు గోస ఇదే. ఊరికో క్యూ పెట్టి వంతులవారీగా వదిలితే చాలావరకు సర్దుకుంటుంది. కానీ అందరికీ ఒకే వేగం ఇవ్వాలంటే నాలుగో హాప్ ఊరి ప్రతి ప్యాకెట్ గాలిని నాలుగుసార్లు వాడుకుంటుంది, మొత్తం లైను కుంగుతుంది. వేగం కాక గాలి సమయాన్ని, అంటే ఒక్కో ఊరు చానెల్‌ను వాడే సమయాన్ని, సమానంగా పంచడమే నాకు సబబు అనిపిస్తుంది. అయితే చివరి ఊళ్లో మీసేవ పని ఆగకుండా కనీస వేగం ముందే పక్కన పెట్టాలి, మిగిలింది పంచాలి.

1992లో టాసియులస్, ఎఫ్రెమిడెస్ అనే పరిశోధకులు చూపిన బ్యాక్‌ప్రెషర్ పద్ధతి, అంటే క్యూల తేడా చూసి పంపడం, నిలకడకు గట్టి హామీ ఇస్తుంది. హాప్‌లు పెరిగేకొద్దీ ఆలస్యం పెరగడం దాని లోటు. ఈ లైనుకు ముందు విండో మార్పే చేసి, రాత్రి ఎనిమిదికి అన్ని ఊళ్లూ వాడుతున్నప్పుడు కొలవాలి. పొద్దున ఖాళీ లైను మీద కొలిస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి.